అరలో ఉన్న పుస్తకం కేటలాగులో ఎందుకు దొరకదు? ఒడిశా సరిహద్దు విశ్వవిద్యాలయ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాల దారి

క్లుప్తంగా

విశ్వవిద్యాలయ లైబ్రరీలో తెలుగు పుస్తకం దొరక్కపోతే కొనలేదని అనుకోవడం సహజం. దక్షిణ ఒడిశా లాంటి సరిహద్దు ప్రాంతంలో అసలు చిక్కు చాలావరకు కొనడానికి ముందు, కొన్న తర్వాత ఉంటుంది. ఇండెంట్ (కావలసిన పుస్తకాల కోరిక జాబితా) పెట్టే శాఖ ఉండదు. మార్చిలో పుస్తకాలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. కేటలాగు ఇంటిపేరును తిరగేస్తుంది. చదివినవాళ్ల సంఖ్య లెక్కలోకి రాదు. వీటిలో ఏదీ తెలుగును పక్కన పెట్టాలని చేసిన నియమం కాదు. ఎక్కువ పుస్తకాలు వచ్చే భాషలకు తగ్గట్టు కుదిరిన పద్ధతిలో తక్కువ పుస్తకాలు వచ్చే భాష ప్రతి మెట్టు దగ్గరా కొంచెం వెనకబడుతుంది.

ఈ ప్రాంతంలో తెలుగు ఎందుకు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం, జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. గిడుగు రామమూర్తి (1863–1940) సొర భాష మీద పని చేసింది పర్లాకిమిడిలోనే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చిన విక్రమదేవ వర్మ జయపురం మహారాజు. ఈ ప్రాంత చరిత్ర గురించో సొర, కుయి గిరిజన భాషల గురించో పరిశోధించే విద్యార్థికి, ఇంట్లో మాట్లాడేది ఒడియా అయినా, తెలుగు ఆధార గ్రంథాల భాష.

ఈ జిల్లాల్లో 1967లో బరంపురం విశ్వవిద్యాలయం, 2009లో కోరాపుట్‌లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇక్కడ వివరిస్తున్నది ఏ ఒక్క సంస్థ తీరునో కాదు, ఇలాంటి లైబ్రరీలన్నింటిలో పని నడిచే పద్ధతిని.

అడిగే శాఖ లేని భాష

లైబ్రరీకి వచ్చే పుస్తకాల గ్రాంటును సాధారణంగా శాఖలవారీగా పంచుతారు. ప్రతి శాఖా పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, ఐఎస్‌బీఎన్, ధర, ఎన్ని ప్రతులు అనే వివరాలతో ఇండెంట్ నింపి పంపుతుంది. లైబ్రరీ ఆ జాబితాలో ఇప్పటికే ఉన్నవి తీసేసి, మిగతావి లైబ్రరీ కమిటీ ముందు పెడుతుంది. ఇండెంట్ మీద శాఖాధిపతి సంతకం లేకపోతే జాబితా కమిటీ దాకా వెళ్లదు.

తెలుగు శాఖ లేని విశ్వవిద్యాలయంలో ఆ సంతకం పెట్టేవారు ఉండరు. చరిత్ర శాఖో భాషాశాస్త్ర శాఖో అడగాలి. కానీ వాళ్ల వాటా వాళ్ల పాఠ్యపుస్తకాలకే చాలదు. మిగిలేది లైబ్రేరియన్ చేతిలో ఉండే జనరల్ కోటా. అందులోంచి నిఘంటువులు, పోటీ పరీక్షల పుస్తకాలు, పోయిన పుస్తకాలకు బదులు ప్రతులు ముందు వెళ్లిపోతాయి. ఈ కోటాలో ‘ప్రాంతీయ భాషలు’ అని ఒక ఉపపద్దు పెట్టి, చిన్న మొత్తమైనా సరే, భాష పేరుతో విడిగా రాసిన చోట ఆ డబ్బు ఆ భాషకే ఖర్చవుతుంది. విడిగా రాయకపోతే ఫిబ్రవరికల్లా ఇంకో పనిలో కలిసిపోతుంది.

రెండో అడ్డు సరఫరాదారు. భువనేశ్వర్, కటక్, ఢిల్లీ పుస్తక వ్యాపారులకు ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఒక్కో పేరు మీద వెయ్యి నుంచి నాలుగు వేల రూపాయల అమ్మకం. తెలుగు పుస్తకం వెల నూట యాభై, రెండొందలు. వంద పేర్లు తెప్పించినా బిల్లు ఇరవై వేలు దాటదు. విజయవాడలోనో హైదరాబాదులోనో పాతిక మంది చిన్న ప్రచురణకర్తల దగ్గర వెతికి, పార్సిల్ ఖర్చు పెట్టుకుని, పైగా డిస్కౌంటు ఇవ్వాలి. అందుకే సప్లై ఆర్డరు తిరిగి వచ్చేటప్పుడు తెలుగు పేర్ల పక్కన ‘స్టాకు లేదు’ అని ఉంటుంది. నిజంగా స్టాకు లేకపోవచ్చు, వెతకడం గిట్టకపోనూవచ్చు. లైబ్రరీకి ఆ తేడా తెలిసే వీలు లేదు.

దీనికి పనిచేసే మార్గం పుస్తక ప్రదర్శనలో అక్కడికక్కడే కొనడం. హైదరాబాదు ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరిలో జరుగుతాయి. ఒక అధ్యాపకుడు, ఒక లైబ్రరీ ఉద్యోగి, ఒక అకౌంట్స్ ఉద్యోగితో కమిటీ వేసి, గరిష్ఠ మొత్తానికి ముందే అనుమతి తీసుకుని, అడ్వాన్సు డ్రా చేసి వెళ్తారు. లైబ్రరీలో ఇప్పటికే ఉన్న తెలుగు పుస్తకాల జాబితా ఫోనులో ఉండాలి. లేకపోతే ప్రతి పదిలో ఒకటి రెండు రెండోసారి కొంటారు. ఇబ్బంది బిల్లుల దగ్గర వస్తుంది. పాతిక స్టాళ్లలో కొంటే పాతిక బిల్లులు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కనుక చిన్న స్టాళ్లు చేతిరాత రసీదుతో సరిపెడతాయి. పాత వెల మీద కొత్త వెల చీటీ అంటించిన పుస్తకాన్ని ఆడిట్ తప్పకుండా పట్టుకుంటుంది. ప్రచురణకర్త ధరల పట్టికను బిల్లుకు జతచేస్తే ఆ అభ్యంతరం పోతుంది. అడ్వాన్సును మార్చి 31లోపు సర్దుబాటు చేయకపోతే మరుసటి ఏడాది ఎవరూ వెళ్లడానికి ముందుకు రారు.

మార్చిలో వచ్చిపడే గుట్ట

గ్రాంటు ఎంత అన్నది తేలడానికి వర్షాకాలం గడుస్తుంది. ఇండెంట్లు శరదృతువులో, కమిటీ డిసెంబరులో, ఆర్డర్లు జనవరిలో. పుస్తకాలు ఫిబ్రవరి ఆఖరి నుంచి మార్చి ఆఖరిలోపు అట్టపెట్టెల్లో దిగుతాయి. బిల్లు పాస్ కావాలంటే దాని వెనక యాక్సెషన్ నంబర్లు (లైబ్రరీ రిజిస్టరులో ప్రతి పుస్తకానికి వేసే వరుస సంఖ్యలు) రాసి, ‘రిజిస్టరులో నమోదయ్యాయి’ అని సంతకం పెట్టాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఆ సంతకం కావాలి కాబట్టి అందరూ కలిసి నంబర్లు వేసేస్తారు. అక్కడితో లెక్కల ప్రకారం పుస్తకం లైబ్రరీదే. పాఠకుడి చేతికి రావడానికి మాత్రం ఇంకా వర్గీకరణ, కేటలాగు, బార్‌కోడు, వెన్ను మీద చీటీ కావాలి.

ఈ రెండో సగం ఎంత కాలం పడుతుందో అంచనా వేయడానికి పాత సూత్రం ఒకటి ఉంది. లైబ్రరీ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ సిబ్బంది సూత్రంలో సాంకేతిక విభాగానికి ఏడాదికి 2,000 సంపుటాలకు ఒక ఉద్యోగి. 250 పనిదినాలు వేసుకుంటే మనిషికి రోజుకు 8 పుస్తకాలు. ఇద్దరున్న విభాగానికి మార్చిలో 1,200 పుస్తకాలు వస్తే 75 పనిదినాలు, అంటే జూలై దాకా. ఇది వాళ్లు వేరే పని ముట్టుకోకపోతే. అదే సూత్రంలో కౌంటరుకు 1,500 గంటలకు ఒకరు కావాలి. రోజుకు 12 గంటలు, ఏడాదిలో 300 రోజులు తెరిచే లైబ్రరీకి ఒక్క కౌంటరుకే 3,600 గంటలు. ఇద్దరు చాలరు, ముగ్గురు కావాలి. పోస్టులు ఖాళీగా ఉంటే కౌంటరు మూయడం కుదరదు కనుక సాంకేతిక విభాగం మనిషినే కూర్చోబెడతారు. పెట్టెలు అలాగే ఉంటాయి.

ఆ వరుసలో తెలుగు పెట్టె ఎప్పుడూ అడుగున ఎందుకు ఉంటుందో కూడా ఇక్కడే తేలుతుంది. ఇంగ్లీషు పుస్తకానికి ఐఎస్‌బీఎన్ కొడితే జెడ్39.50 (లైబ్రరీల మధ్య రికార్డులు వెతికి తెచ్చుకునే పద్ధతి) ద్వారా ఏ పెద్ద లైబ్రరీ రికార్డయినా దిగుమతి అవుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో పని తెమిలిపోతుంది. తెలుగులో చిన్న ప్రచురణలకు, రచయితలు సొంతంగా వేసుకున్న పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ చాలాసార్లు ఉండదు. రికార్డును మొదటి నుంచి రాయాలి. తెలుగు చదవగలిగిన మనిషికే అరగంట పడుతుంది. చదవలేని మనిషి రాయనే లేడు. రోజుకు ఎనిమిది పూర్తి చేయాలన్న ఒత్తిడి ఉన్నవారు తేలికైనవి ముందు తీస్తారు. వారి స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

తిరగబడే పేర్లు

మొత్తం గొలుసులో ఎక్కువ నష్టం కేటలాగులో జరుగుతుంది. అది బయటికి కనిపించదు కూడా, ఎందుకంటే పుస్తకం అరలోనే ఉంటుంది, రికార్డూ ఉంటుంది, వెతికినవాడికి మాత్రం రాదు.

ఒడియా పేరులో ఇంటిపేరు చివర ఉంటుంది: గోపీనాథ్ మొహంతి. కేటలాగులో ‘మొహంతి, గోపీనాథ్’ అని తిప్పి రాయడం సరైన పద్ధతి. తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంటుంది. గిడుగు రామమూర్తిని అదే అలవాటుతో తిప్పితే ‘రామమూర్తి, గిడుగు’ అవుతుంది. ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించిన ముఖపత్రమైతే (అట్ట లోపలి టైటిల్ పేజీ) ‘మూర్తి, జి. ఆర్.’ దాకా కూడా పోవచ్చు. ఇలా రాసిన కేటలాగులో రావులు, శాస్త్రులు, మూర్తులు వందల మంది ఒకే చోట గుమిగూడతారు, గిడుగువారు మాత్రం కనిపించరు. మరాఠీ పేరులోనూ ఇంటిపేరు చివరే కనుక మహారాష్ట్ర సరిహద్దులోని నాందేడ్ స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం పరిధిలో, సిరోంచ ఉన్న గడ్చిరోలి గోండ్వానా విశ్వవిద్యాలయం పరిధిలో కూడా ఈ ప్రమాదం ఇంతే.

రెండో రకం పొరపాటు ఒడిశాలోనే ఎక్కువ. ఒడియా ఉచ్చారణలో వకారం బకారంలో కలిసిపోతుంది, పదం మొదట్లో యకారం జకారమవుతుంది. విక్రమ్ ‘బిక్రమ్’, వెంకట ‘బెంకట’, యాత్ర ‘జాత్ర’. ఒడియా పుస్తకానికి అదే సరైన రూపం. అదే చెవితో తెలుగు పుస్తకం పేరును రోమన్ లిపిలో రాస్తే వేమన ‘బేమన’ అయి కూర్చుంటాడు. తెలుగు విద్యార్థి ‘వీ’తో వెతుకుతాడు, ఫలితం సున్నా వస్తుంది, లైబ్రరీలో వేమన లేడని నమ్మి వెళ్లిపోతాడు. మరాఠీలో వ, బ విడివిడిగా పలుకుతారు కాబట్టి నాందేడ్ వైపు ఈ బెడద లేదు.

మూడోది రోమన్ అక్షరక్రమం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో ‘చరిత్ర’ను ‘సి’తో మొదలుపెట్టి రాస్తారు, అక్కడ హెచ్ ఉండదు. జనం రాసేది ‘సిహెచ్’. ‘మూర్తి’ చివర టీ తర్వాత హెచ్ పెట్టేవారు కొందరు, పెట్టనివారు కొందరు, ఊకారానికి రెండు ‘ఓ’లు వేసేవారు ఇంకొందరు. దిగుమతి చేసుకున్న రికార్డు ఒక పద్ధతిలో, స్థానికంగా రాసినవి మూడు పద్ధతుల్లో ఉంటే ఒకే రచయిత నలుగురవుతాడు.

దీనికి మందు అథారిటీ రికార్డు, అంటే ఒక రచయిత పేరు రూపాలన్నింటినీ ఒకచోట కలిపే రికార్డు. ప్రతి రచయితకూ ఒక రికార్డు తెరిచి, 100వ ట్యాగులో (ట్యాగు అంటే రికార్డులో ఒక్కో వివరానికి కేటాయించిన అంకె గడి) ఇంటిపేరు ముందున్న ప్రామాణిక రూపం, 400 ట్యాగుల్లో తిరగేసిన రూపం, ‘బ’ రూపం, కలంపేరు, ఇతర అక్షరక్రమాలు వేయాలి. పుస్తకం రికార్డును దానికి ముడిపెట్టాలి. లైబ్రరీలు వాడే కోహా సాఫ్ట్‌వేర్‌లో 400 ట్యాగుల రూపాలు కూడా వెతుకులాటకు అందేలా చేసే సెట్టింగ్ ఉంది. అది మార్చాక రికార్డులన్నింటినీ మళ్లీ ఇండెక్స్ చేయాలి. ఆ రెండో పని మరిచిపోయి ‘సెట్టింగ్ పనిచేయడం లేదు’ అనుకోవడం మామూలే. పుస్తకం పేరును 245లో తెలుగు లిపిలోనే రాసి, 246లో రోమన్ రూపాలు రెండు మూడు ఇస్తే సాధారణ పాఠకుడికి సరిపోతుంది. రెండు లిపులనూ జతకట్టే 880 ట్యాగు శాస్త్రీయంగా ఇంకా శుభ్రమైనది. కానీ జత సంఖ్య ఒక్కటి తప్పినా ముడి తెగుతుంది. చిన్న సిబ్బందికి 246 మార్గమే నిలబడుతుంది.

ఇంకో చిన్న గడి ఉంది, ఖర్చు లేనిది: భాష కోడ్. 008వ ట్యాగులో 35 నుంచి 37వ స్థానాల్లో తెలుగుకు ‘టీ-ఈ-ఎల్’, ఒడియాకు ‘ఓ-ఆర్-ఐ’ అని ఉండాలి. చాలా రికార్డుల్లో ఇక్కడ ముందే నింపి ఉన్న ‘ఇంగ్లీషు’ అలాగే మిగిలిపోతుంది. అప్పుడు ‘మన దగ్గర తెలుగు పుస్తకాలు ఎన్ని’ అన్న ప్రశ్నకు కంప్యూటరు జవాబు చెప్పలేదు. జవాబు లేని చోట ఉపపద్దు అడగడానికీ ఆధారం ఉండదు.

ఫాంటు చిక్కులు

ప్రచురణకర్తల ధరల పట్టికలు ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్లలో తయారవుతాయి. అవి యూనికోడ్ కావు. ఆ పట్టికలోంచి పేరు కాపీ చేసి కేటలాగులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళం పడుతుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చి, మారిన పాఠాన్ని కళ్లతో ఒకసారి చూడాలి. ఒత్తులు, అరసున్నలు మార్పిడిలో జారిపోతుంటాయి. కోహాలో జీబ్రా అనే వెతుకులాట ఇండెక్స్ వాడుతుంటే, యూనికోడ్ లిపులకు తగిన ఐసీయూ పద్ధతి ఎంచుకోకపోతే భారతీయ లిపుల్లో వెతుకులాట సరిగా రాదు. లైబ్రరీ పెట్టిన రోజు ఇంగ్లీషు పుస్తకాలతో పరీక్షించి ‘బాగుంది’ అన్న వ్యవస్థలో ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

తేదీ తేల్చడం

పాత తెలుగు పుస్తకాల మీద క్రీస్తుశకం బదులు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. ‘శుభకృత్’ అంటే 1902–03 కావచ్చు, 1962–63 కావచ్చు, 2022–23 కావచ్చు. వెల చూస్తే తేలుతుంది. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ‘వెల 12 అణాలు’ అని ఉంటే 1902–03, ‘75 నయాపైసలు’ అని ఉంటే 1962–63. ఈ తేడా అలంకారం కోసం కాదు: మొదటిది అరుదైన పుస్తకాల బీరువాలోకి, రెండోది మామూలు అరలోకి వెళ్లాలి. తెలుగు చదవలేని చోట రెండూ ‘సంవత్సరం తెలియదు’ కింద పడతాయి.

అర మీద ఏమవుతుంది

డ్యూయీ దశాంశ పద్ధతిలో ఒడియా సాహిత్యం 891.456, తెలుగు సాహిత్యం 894.827. బరంపురం వీధిలో పక్కపక్కన వినిపించే భాషలు లైబ్రరీలో రెండు మూడు వరుసల దూరంలో ఉంటాయి. భాషల విభాగంలో తెలుగు (494.827)కు దగ్గర బంధువు కొండల్లోని కుయి. సొర మాత్రం ముండా కుటుంబం కనుక ఇంకా అవతల. వర్గీకరణ తప్పు కాదు. సరిహద్దు ప్రాంత పాఠకుడికి అర చివర ‘తెలుగు: ఈ వరుస’ అని రెండు లిపుల్లో ఒక బోర్డు కావాలి, అంతే.

అసలు ప్రమాదం వెన్ను మీది చీటీ. గంజాం తీరంలో వానాకాలం గాలిలో తేమకు మామూలు జిగురు వదిలేస్తుంది. చీటీ రాలిన ఇంగ్లీషు పుస్తకాన్ని పేరు చూసి సర్దేస్తారు. తెలుగు పుస్తకాన్ని చదవలేని సహాయకుడు బల్ల మీద పెడతాడు, బల్ల మీంచి అది ‘తర్వాత చూద్దాం’ గుట్టలోకి పోతుంది. చీటీ మీద పారదర్శక టేపు, యాక్సెషన్ నంబరు మూడు చోట్ల (ముఖపత్రం వెనక, లైబ్రరీ ఎంచుకున్న రహస్య పేజీలో, చివరి పేజీలో) రాస్తే చీటీ పోయినా నంబరుతో రికార్డు దొరుకుతుంది.

తనిఖీ లెక్క, నష్టం లెక్క

కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్–2017 ప్రకారం 20,000 సంపుటాల లోపు లైబ్రరీలో ఏటా పూర్తి తనిఖీ, 50,000 దాకా మూడేళ్లకు ఒకసారి, అంతకు మించితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ చేయాలి. ఏడాదిలో ఇచ్చిన లేదా చూసిన ప్రతి 1,000 సంపుటాలకు 5 పోతే, అందులో నిర్లక్ష్యం, మోసం లేకపోతే, సహజ నష్టమే. 1,000 రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు నడిచేది ఈ పద్ధతిలోనే.

ఇందులో ‘చూసిన’ అన్న మాటను లైబ్రరీలు తేలిగ్గా తీసుకుంటాయి. ఇంటికి తీసుకెళ్లినవి కౌంటరులో నమోదవుతాయి, బల్ల దగ్గర చదివి వదిలేసినవి నమోదు కావు. ఏడాదిలో ఇంటికి ఇచ్చినవి 12,000, బల్ల మీద చదివినవి 28,000 అనుకుంటే అనుమతించే నష్టం 200. రెండోది లెక్కపెట్టకపోతే 60. ఆ తేడా లైబ్రేరియన్ సంజాయిషీగా మారుతుంది. అందుకే భయపడి అరలకు తాళాలు పడతాయి.

తెలుగు పుస్తకానికి ఇది రెండు వైపులా దెబ్బ. చరిత్ర విద్యార్థి పాత తెలుగు పుస్తకాన్ని బల్ల మీద చూసి నోట్సు రాసుకుంటాడు, ఇంటికి తీసుకెళ్లడు. కాబట్టి దాని మీద గడువు తేదీ ముద్రలు ఉండవు. పదేళ్లలో ఒక్కసారీ బయటికి పోని పుస్తకాలను తీసేద్దామన్నప్పుడు ఆ జాబితాలో అది పైన ఉంటుంది. తనిఖీలోనూ అంతే: తప్పు అరలో ఉన్న పుస్తకం ‘కనబడలేదు’ అవుతుంది, రెండు తనిఖీల తర్వాత రద్దవుతుంది, ఆ తర్వాత ఎక్కడో దొరికితే దానికి మళ్లీ చోటు ఉండదు.

కోహాలో దీనికి తేలికైన ఏర్పాటు ఉంది. ‘స్టాటిస్టికల్’ రకం పాఠకుడి పేరిట ఒక కార్డు సృష్టించి, సాయంత్రం బల్లల మీది పుస్తకాలను తిరిగి సర్దే ముందు దాని మీద స్కాన్ చేస్తే బల్ల మీది వాడకంగా నమోదవుతుంది. పుస్తకం ఇచ్చినట్టు కాదు, గడువూ ఉండదు. రెండు వందల పుస్తకాలకు పావుగంట పని. షరతు ఒక్కటే: పాఠకులు పుస్తకాలను స్వయంగా అరల్లో పెట్టకూడదు. అందుకోసం ప్రతి వరుస చివరా ఒక ఖాళీ అర ‘చదివినవి ఇక్కడ పెట్టండి’ అన్న బోర్డుతో ఉండాలి.

అక్టోబరు తుపాన్లు

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి, గంజాం జిల్లాల మీదుగా పోయింది. ఈ ప్రాంత లైబ్రరీ ప్రణాళికలో అక్టోబరు అందుకే ముఖ్యం. నీళ్లు రెండు దార్లలో వస్తాయి: కింద నుంచి వరద, పై నుంచి పగిలిన కిటికీ, లేచిన రేకు. అడుగు అర నేల నుంచి కనీసం ఆరు అంగుళాలు ఎత్తులో, ర్యాక్ కిటికీ గోడకు ఆనకుండా ఉండాలి. పాత పుస్తకాలను భద్రం కోసం పై అంతస్తు హాల్లోకి మార్చేటప్పుడు నేల బరువు చూడాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం 2.2 మీటర్ల ఎత్తు దాకా పుస్తకాల ర్యాకులుండే గదికి చదరపు మీటరుకు సుమారు 600 కిలోలు మోసే నేల కావాలి. చదువుకునే గది నేలను అందులో సగానికే కడతారు.

తడిసిన పుస్తకానికి 48 గంటలు గడువు. ఆ తర్వాత బూజు మొదలవుతుంది. మామూలు కాగితమైతే నిలబెట్టి, కొద్దిగా విప్పి, ఫ్యాను గాలిలో ఆరబెడుతూ పేజీల మధ్య అద్దుడు కాగితం మారుస్తూ ఉండాలి. నున్నటి ఆర్టు కాగితమైతే తడిగా ఉండగానే పేజీలు విడదీయాలి, ఆరాక ఇటుకలా అతుక్కుపోతుంది. మూడొందలు దాటి తడిస్తే చేతులతో కాదు. ఆరబెట్టే వరస వచ్చేదాకా దగ్గర్లోని శీతల గిడ్డంగిలో గడ్డకట్టించి ఉంచడమే దారి. ఆ ఒప్పందం సెప్టెంబరులోనే రాసి ఉండాలి. తుపాను మర్నాడు ఫోన్లు పనిచేయవు.

ఒకే చందా వచ్చాక

‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. నిర్వహణ విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది. దీంతో ‘ఇక లైబ్రరీకి డబ్బు మిగులుతుంది, పుస్తకాలు కొనవచ్చు’ అన్న ఆశ, ‘ఇక లైబ్రరీ ఎందుకు’ అన్న ప్రశ్న రెండూ వచ్చాయి.

రెండూ సగం నిజాలే. పథకం పరిశోధన పత్రికలకు మాత్రమే. తెలుగు సాహిత్యం, స్థానిక చరిత్ర, పాత ముద్రణలు దాని పరిధిలోకి రావు. పత్రికల చందా ఆగి మిగిలిన డబ్బు వేరే పద్దులో ఉంటుంది. దాన్ని పుస్తకాలకు మళ్లించాలంటే ఫైనాన్స్ కమిటీ అనుమతి కావాలి. బడ్జెట్ సవరించిన అంచనాలు వెళ్లే నవంబరు, డిసెంబరు నెలల్లో అడగకపోతే అది వెనక్కి పోతుంది. అడిగేటప్పుడు ఎన్ని తెలుగు పుస్తకాలున్నాయి, ఏడాదిలో ఎన్నిసార్లు చూశారు అన్న రెండు సంఖ్యలు అవసరం. మొదటిది భాష కోడ్ నుంచి, రెండోది సాయంత్రం స్కాను నుంచి వస్తాయి.

పాత గుట్టను విప్పే లెక్క

1,500 తెలుగు పుస్తకాలకు సరైన రికార్డు లేదనుకుందాం. తెలుగు చదవగల కేటలాగరు పోస్టు మంజూరు కావడం ఏళ్ల మాట. పనిని రెండుగా విడదీస్తే పోస్టు లేకుండానే సాగుతుంది. తెలుగు వచ్చిన విద్యార్థి సహాయకుడు ప్రతి పుస్తకానికి అరకాగితం నింపుతాడు: పేరు తెలుగులో, రచయిత పేరులో ఇంటిపేరు కింద గీత, ప్రచురణ ఊరు, సంవత్సరం లేదా దాని పేరు, వెల, పుటలు, విషయం ఒక వాక్యంలో. పుస్తకానికి పది నిమిషాలు. రోజుకు మూడు గంటలు కూర్చుంటే 18, మొత్తానికి 84 రోజులు. కేటలాగరు ఆ కాగితం నుంచి రికార్డు చేస్తారు. వారికీ అరగంట బదులు పది నిమిషాలే పడుతుంది, ఎందుకంటే లిపి చదివే భాగం అయిపోయింది.

ఇక్కడ తప్పేది ఎక్కడో ముందే తెలుసు. సహాయకుడు ముఖచిత్రం చూసి పేరు రాస్తాడు, ముఖపత్రం మీద ఇంకో పేరు ఉంటుంది. ‘ప్రథమ ముద్రణ’ తేదీ రాసి, చేతిలో ఉన్న నాలుగో ముద్రణ తేదీ వదిలేస్తాడు. సంపాదకుడిని రచయితగా రాస్తాడు. మొదటి యాభై కాగితాలను పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూస్తే ఈ మూడూ బయటపడతాయి. తర్వాత ఇరవైకి ఒకటి చూస్తే చాలు. పని జూన్‌లో మొదలుపెడితే పూజ సెలవుల ముందే ముగుస్తుంది. సవరించిన అంచనాలకు కావలసిన మొదటి సంఖ్య అప్పటికి చేతిలో ఉంటుంది, డిసెంబరు ప్రదర్శనకు వెళ్లే కమిటీ ఫోనులో జాబితా కూడా.